ఎలీసమ్మ సాక్ష్యం

"టెన్షన్ తక్కువా? అదృష్టవంతుడమ్మా. ఆడిది కూడా మేమే పడతన్నాం," అంది నాయనమ్మ ఎలీసమ్మ.

డాక్టర్ స్వర్ణకుమారి నవ్వు ఆపుకుంది. "టెన్షన్ కాదమ్మా, అటెన్షన్. ఒకచోట మనసు నిలవదు, ఒళ్ళు నిలవదు. కొందరికి పుట్టుకతోనే వస్తుంది. మీవాడిది అదో కాదో చూడాలి."

మలంచా పేటలోని ఆ క్లినిక్‌లో ఎనిమిదేళ్ళ సొలొమోను బల్ల కింద దూరి, బరువు చూసే మిషన్‌ని బోర్లా తిప్పుతున్నాడు. పేరుకు తగ్గ జ్ఞానం ఏ గూడ్సు బండిలోనో వస్తోంది. రైళ్ళ ఊరు కదా, లేటు మామూలే.

"సూసేదేటి నేదండి," అన్నాడు తండ్రి రిచర్డ్, కుర్చీలోంచి మూడోసారి లేచి. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. "జూన్‌లో విజయనగరం హాస్టల్లో పడేస్తాను. మా అమ్మ పోరు పడలేక వచ్చినాం."

హాస్టల్ అనగానే బల్ల కింద చప్పుడు ఆగిపోయింది.

ఎలీసమ్మ కొంగు బిగించింది. "నన్నడుగు డాక్టరమ్మా. పెంచినదాన్ని నాను."

"ఒకచోట కూర్చుంటాడా?"

"పాస్టరుగారు ఆమెన్ అనేలోపు నాలుగుసార్లు బయటికెళ్ళొస్తాడు."

"వస్తువులు పోగొడతాడా?"

"మేం కొన్న గొడుగులతో మా ఖరిదా పేటంతా తడవకుండా ఉంది."

"చెప్పింది వింటాడా?"

"సగం. ఉప్పుకని ఎల్తే పప్పుతో వస్తాడు."

"కొడితే మారాడా?"

"ఆళ్ళ నాన్న బెల్టు అరిగింది గానీ, ఆడి గుణం అరగనేదు."

రిచర్డ్ తల దించుకున్నాడు.

"ఏ పనిలోనూ కుదురు ఉండదా?"

"పాడైన రేడియో ఇస్తే కూడు మాట మర్సిపోతాడు. మంచోడమ్మా. తిడితే గోడకేసి తిరిగి ఏడుస్తాడు. ఎందుకలా సేసినావురా అంటే తెలీదంటాడు. నిజంగానే తెలీదు."

డాక్టరు పెన్ను ఆగింది. "ఇది మొండితనం కాదు రిచర్డ్‌గారూ. ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. చేశాక మెచ్చుకోవాలి. పక్కన ఒక మనిషి ఉండాలి. హాస్టల్లో ఎవరుంటారు?"

రిచర్డ్ కిటికీ దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. గొంతు మెత్తబడింది.

"ఇలాంటోడు పెద్దయినాక ఏటవుతాడండి?"

డాక్టరు కన్నా ముందు ఎలీసమ్మే అందుకుంది.

"ఫిట్టరవుతాడు. ఇంతసేపూ నాను సెప్పింది నీ గురించేరా."