నదిని మరిచిపో

"ఐదేళ్లయింది. ఈసారీ నీళ్లు తాగి వస్తావా?" అని నవ్వాడు బోరా.

మిలుటిన్ చొక్కా విప్పి మెట్ల మీద పెట్టాడు.

రెండు దేశాల నడుమ పారే డాన్యూబ్ నది ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. చలికాలపు బాప్తిస్మపు పండుగ. ఫాదర్ కొయ్య శిలువను ఏట్లోకి విసురుతాడు. ముందుగా పట్టుకున్నవాడి ఇంట్లో అది ఏడాదంతా ఉంటుంది.

మిలుటిన్ భార్యకు ఏడో నెల. ముందు రెండూ నిలవలేదు. "శిలువ ఇంట్లో ఉంటే నాకు ధైర్యం" అని పొద్దున కూడా అంది.

"ప్రతిసారీ శిలువకు దిగువన తేలుతున్నావు కదూ?"

మిలుటిన్ తిరిగి చూశాడు. ఎవరో ముసలాయన. యాస అవతలి ఒడ్డుది, రుమేనియాది. చేతిలో గుడ్డసంచి.

"నీకెలా తెలుసు తాతా? నిన్నెప్పుడూ చూడలేదే."

"ఏటా జనం రాకముందే వచ్చిపోతాను. ఇవాళ బస్సు ఆలస్యం, ఆ కుర్రాడి ఎగతాళి విని ఊహించాను. శిలువ కొట్టుకుపోతుంది కదా అని అందరూ దాని ముందుకు అడ్డంపడి పోతారు. అదే తప్పు."

"మరి నాకోసం అది ఆగుతుందా?"

బోరా మిగతావాళ్లకు కన్ను కొట్టాడు. "వినండ్రా, అవతలివాళ్లొచ్చి మన ఏరు మనకు నేర్పుతున్నారు."

అందరూ నవ్వారు. ముసలాయన వెళ్లబోయాడు.

"తాతా, నా భార్య కడుపుతో ఉంది. తెలిస్తే చెప్పిపో."

ముసలాయన ఆగాడు. సంచిలోంచి రెండు ఆపిళ్లు తీశాడు. వాటికి ఎర్ర దారం కట్టి ఉంది. ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా ఏట్లోకి విసిరాడు.

"మధ్య ఎడం చూడు. పెరుగుతోందా?"

"లేదు."

"తరుగుతోందా?"

"లేదు. రెండూ ఒకే తీరున పోతున్నాయి."

"ఒకదాని మీద చీమ ఉందనుకో. దానికి రెండోది ఎలా కనబడుతుంది?"

మిలుటిన్ ఆలోచించాడు. "కదలనట్టే."

"నీళ్లలో దిగాక నువ్వూ ఆపిల్‌వే. శిలువను ఎంత మోస్తుందో ఏరు నిన్నూ అంతే మోస్తుంది. ఒడ్డు చూడకు. నదిని మరిచిపో. చెరువులో ఉందనుకుని తిన్నగా దాని మీదికే ఈదు."

"ఎక్కడ నేర్చావు తాతా?"

"ఇక్కడే. చీకట్లో నాతో దిగిన మనిషి ఒడ్డు మీది దీపాన్నే చూస్తూ ఈదింది, మళ్లీ కనబడలేదు."

గంట మోగింది.

శిలువ లేచింది, పడింది. పదిహేడు మంది దూకారు. చలికి ఊపిరి బిగుసుకుపోయింది. బోరా దిగువకు దూసుకుపోయాడు. అందరూ అటే పోయారు.

"అటు కాదురా వెర్రివాడా, దిగువకు, దిగువకు" అని ఒడ్డు మీద కేకలు.

తల తిప్పి చూడాలనిపించింది. చూడలేదు.

శిలువ కదలడం మానేసింది. పది బారలు. ఐదు. రెండు. చేతికి కొయ్య తగిలింది.

బోరా అంత దూరాన, దిగువన, ఎదురీదుతూ బూతులు తిడుతున్నాడు.

మిలుటిన్ ఒడ్డెక్కి దుప్పటి కూడా కప్పుకోకుండా ముసలాయన కోసం వెతికాడు. ఆయన చేత శిలువకు ముద్దు పెట్టించాలి.

"బస్సెక్కాడు" అన్నారెవరో.

ఏటి వంపు దాకా పరిగెత్తాడు. అక్కడ చర్చి ఊడ్చే దెసాంకా అవ్వ ఒంగి నీళ్లలోంచి ఏవో తీస్తోంది. ఎర్ర దారం ఆపిళ్లు.

"అవి ఆ తాతవి అవ్వా."

అవ్వ చెయ్యి ఆగిపోయింది.

"ఏ తాతరా? ముప్పై ఐదేళ్లుగా ఈ పండుగనాడు రెండు ఆపిళ్లు ఇక్కడికి కొట్టుకొస్తాయి. నీళ్లలో పోయినవాళ్ల కోసం వదిలేవి ఇవి. తీసుకెళ్లి ఆమె సమాధి మీద పెడుతున్నాను."

"ఎవరి సమాధి?"

"పేరు లేనిది. అవతలి దేశం నుంచి ఏరీది పారిపోయి వస్తూ మునిగిపోయింది, ఈ వంపుకే కొట్టుకొచ్చింది. కడుపుతో ఉన్న పిల్ల. ఆ తాత పేరడిగావా?"

మిలుటిన్ శిలువ పట్టుకుని వంతెన వైపు చూశాడు.

బస్సు మెల్లగా అవతలి ఒడ్డుకు పోతోంది, భార్యా బిడ్డా ఈ ఒడ్డునే ఉన్నారని ముప్పై ఐదేళ్లుగా తెలియని మనిషిని కూర్చోబెట్టుకుని.