తువ్వాలు వేసిన సీటు

జనమంతా ట్రాం తలుపు దగ్గర తోసుకుంటుంటే, జగన్నాధం కిటికీలోంచి తువ్వాలు విసిరాడు.

నిజానికి కిటికీలన్నిటికీ అద్దాలు బిగించేశారు. ఏసీ అట. మరి జనం సీట్లెలా పట్టుకుంటారన్న ఆలోచన కట్టినవాళ్ళకు లేదు. అదృష్టం బాగుండి మొట్టమొదటి కిటికీ ఒక్కటి తెరిచి ఉంది. తువ్వాలు వెళ్ళి సరిగ్గా సీటు మీద పడింది. రాజాం బస్సుల్లో చేసిన సాధన ఊరికే పోలేదు.

తర్వాత భార్య సుభద్రమ్మను వెంటబెట్టుకుని తాపీగా లోపలికి నడిచాడు. ఆమెకు వెనక ఎవరో చోటిచ్చారు. జగన్నాధం తన సీటు చూసుకుని మురిసిపోయాడు. పక్కవాడి మోచెయ్యి తగలని ఒంటి సీటు. క్యారేజీ పెట్టుకోడానికి ముందు బల్ల. సంచి తగిలించుకోడానికి పిడి కూడా ఇచ్చారు.

విజయనగరం ఊరి బయట ఈ టెర్మినల్ కొత్తగా తెరిచారు. రాజాం బస్సు ఇక్కడే దించేస్తుంది. ఇక్కణ్నుంచి ట్రాం, ట్రాం దిగితే రైలు, అన్నిటికీ ఒకటే టికెట్టు. ఇన్నాళ్ళూ ఎవరి ఆలస్యం వాళ్ళు చేసుకున్న బస్సూ రైలూ ఇకమీదట కలిసికట్టుగా చేస్తాయన్నమాట. కడుపు మండిన ఆటోలవాళ్ళు సమ్మెలో ఉన్నారు.

జగన్నాధానికి రైలు తప్పకూడదు. విశాఖలో కూతురు భారతికి ఈ పూట కాన్పు ఆపరేషన్. అమ్మ వస్తే తప్ప లోపలికి వెళ్ళనని మొండికేసి కూర్చుంది. సుభద్రమ్మ పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

అప్పుడొచ్చాడు ఒక కుర్రాడు. గళ్ళ చొక్కా, భుజాన బ్యాగు, చేతిలో టీ కప్పు.

"మావా, ఆ సీటు నాది," అన్నాడు.

"తువ్వాలేసినాను, సూడు," అన్నాడు జగన్నాధం.

"ఆఫీసోళ్ళు నాకిచ్చారు మావా. దీనికోసం ఆర్నెల్లు తిరిగాను."

ట్రాంలో గుసగుసలు లేచాయి. సిఫార్సు మనిషన్నమాట. మనకు నిలబడ్డానికి చోటు లేదు, వీడికి ఏకంగా సీటు రాసిచ్చేశారు.

చేపల గంపతో నిలబడ్డ కూర్మమ్మకు ఒళ్ళు మండింది. "గంపెట్టుకుని నాను నిలబడ్లేదేటి? నీకు నడుం పడిపోనాదా? నిలబడే రా."

"నిలబడి అవదమ్మా."

"ఏటి, ఎందుకవదు?"

"అసలు నేనెవులో తెలుసా మీకు..."

జనం మధ్య అనకూడని మాట ఏదైనా ఉంటే అదొక్కటే. ట్రాం మొత్తం వాడి మీద విరుచుకుపడింది. ఎవులైతే మాకేటి అన్నాడొకడు. ఎమ్మెల్యే బావమరిదివా అన్నాడింకొకడు. వెనకనుంచి ఎవరో వీడియో తియ్యడం కూడా మొదలుపెట్టారు. కుర్రాడు నోరు తెరిచినప్పుడల్లా నలుగురు మూయించారు. చివరికి వాడికీ పంతం వచ్చింది. తలుపుకు చేరబడి టీ తాగుతూ నిలబడ్డాడు.

జగన్నాధం తువ్వాలు దులిపి, మళ్ళీ పరుచుకుని, దర్జాగా కూర్చున్నాడు.

ఆ దర్జా ఎంతోసేపు నిలవలేదు. ట్రాం కదల్లేదు. ఫోనులో చూస్తే రైలు బొబ్బిలి దాటి వచ్చేస్తోంది. అంతలో భారతి ఫోను. "అమ్మ బయల్దేరిందా నాన్నా?" అంటూ ఏడ్చింది. సుభద్రమ్మ వెనక కూర్చుని కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

"ఏ రోజు టయానికి కదిలింది గనక ఈ గవర్మెంటు బండి," అని జగన్నాధం ముందున్న బల్ల మీద దబదబా బాదాడు. ఎక్కడో గంట మోగింది. పట్టించుకునే నాథుడు లేడు.

ఇక ఆగలేక కుర్రాడి వైపు తిరిగాడు.

"ఒరే బాబూ, కోపం పెట్టుకోకు. ఆఫీసోళ్ళు తెలుసన్నావు కదా. నీకు దండమెడతాను, ఒక్క ఫోను సెయ్యి. నా కూతురు అక్కడ ఏడస్తన్నాది. ఆ డ్రైవరెక్కడ సచ్చాడో కనుక్కో."

కుర్రాడు ఖాళీ కప్పు పక్కన పెట్టాడు.

"మీ తువ్వాలు తీస్తే వచ్చి కూసుంటాడు మావా."