ఇటీవల చేసిన పనులు

"ఎవర్నడిగి ఆపరేషన్‌కి ఒప్పుకున్నావమ్మా?" అన్నాడు కొడుకు ఆసుపత్రి గుమ్మంలోంచే.

తల్లి ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, కంట్లో చుక్కలు వేయించుకుని, కళ్ళు మూసుకుని బెంచీ మీద బుద్ధిగా కూర్చుంది. పక్కనే అక్క. ఒళ్ళో సంచీ, చేతిలో ఫోను.

"ఎందుకురా అరుస్తావు? ఎప్పుడూ పనిలో మునిగి ఉంటావు కదా అని చెప్పలేదు," అంది అక్క. "అయినా నీకు తెలియని డాక్టరా? నువ్వు సైటు చేసిపెట్టినాయనేగా!"

అతని భయమూ అదే.

అతనిదో చిన్న వెబ్ డిజైన్ స్టూడియో. స్టూడియో అంటే ఒక గది, రెండు కంప్యూటర్లు. అందులో ఒకటి పనిచెయ్యదు. ఈ కళ్ళ డాక్టరు సైటు పూర్తయ్యేసరికి అతని తలప్రాణం తోకకొచ్చింది. నీలం వద్దు, ఆకుపచ్చ పెట్టండి. ఆకుపచ్చ బాలేదు, మళ్ళీ నీలమే పెట్టండి. ఫొటోలో బట్టతల కాస్త తగ్గించండి. అన్నీ చేశాడు. తీరా 'పేషెంట్ల మాట' అనే పేజీ దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. పేషెంట్లు ఏమన్నారో ఇవ్వండి మహాప్రభో అంటే, "రేపిస్తాను" అంటాడు డాక్టరు. ఆ రేపు రాలేదు. అడిగీ అడిగీ విసుగెత్తి, ఖాళీగా ఉంటే బాగుండదని, ఓ మధ్యాహ్నం ఆవలిస్తూ తనే నాలుగు ముక్కలు రాసి పడేశాడు. అసలువి వచ్చాక మార్చొచ్చులే అనుకున్నాడు. డాక్టరు చూసి బ్రహ్మాండం అన్నాడు. సైటు అలాగే జనంలోకి వెళ్ళిపోయింది.

"ఇదిగో, ఇది విన్నాకే అమ్మ ఒప్పుకుంది," అంటూ అక్క ఫోన్లోంచి చదివింది. "'కత్తి అన్న మాట వింటేనే నాకు కాళ్ళు వణుకుతాయి. డాక్టరుగారు కబుర్లు చెబుతూ చెబుతూ ఎప్పుడు చేసేశారో తెలియనే లేదు. కట్టు విప్పగానే మొదట మనవరాలి పాలపళ్ళు చూశాను.' ఎంత బాగా రాసిందిరా ఆవిడ!"

"రెండుసార్లు చదివించుకుని ఏడ్చాను నాన్నా," అంది తల్లి కళ్ళు తెరవకుండానే. "ఆవిడెవరో గానీ, నా మనసులో ఉన్నది ఉన్నట్టు రాసింది."

ఉన్నట్టు ఉండక ఏమవుతుంది? కత్తి, కాళ్ళు వణకడం, అన్నీ ఆవిడ ఏళ్ళ తరబడి ఇంట్లో అంటున్న మాటలే. రాయడానికి ఏమీ తోచక అవే దించేశాడు.

తల్లికి ఎడమకన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కుడికన్నుకీ ఇప్పుడు పొర కమ్మింది. నిజం చెబితే ఆవిడ ఇక ఈ జన్మలో ఏ డాక్టరు బల్లా ఎక్కదు, ఆ కన్నూ పోతుంది. చెప్పకపోతే, ఆ ఒక్క కన్నునీ ఎవరి చేతుల్లో పెడుతున్నాడో అతనికే తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నర్సు వచ్చి తల్లి కుడి కనుబొమ మీద పెన్నుతో గుర్తు పెట్టింది. "మీ అబ్బాయా?" అంది.

"మావాడే. వీడు సైటు చెయ్యని కంపెనీ లేదమ్మా. హోటళ్ళు, స్కూళ్ళు, నగల షాపులు... వీడి సైటులో 'ఇటీవల చేసిన పనులు' అని ఓ పేజీ ఉంది, బారెడు ఉంటుంది. చూడు కావాలంటే."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ," అన్నాడు అతను నీరసంగా.

అంతలో డాక్టరు బయటికొచ్చాడు. మాస్కు ఇంకా గడ్డం కిందే ఉంది. "అరె, మీరా! ఈవిడ మీ అమ్మగారా?"

అతను డాక్టర్ని చెయ్యి పట్టుకుని మంచినీళ్ళ కుళాయి దాకా లాక్కుపోయాడు. నర్సు తల్లిని లేవదీసి, మెల్లగా లోపలికి నడిపించుకుపోతోంది.

"డాక్టరుగారూ, ఆ పేషెంట్ల మాటలు మీరివ్వలేదు. నేను రాసినవే ఉండిపోయాయి."

"ఉండనివ్వండి. బాగున్నాయి."

"బాగున్నాయనే మా అమ్మ నమ్మేసింది. ఆవిడకున్నది ఒక్క కన్నండీ. నాకు నిజం చెప్పండి. మీరిలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశారు?"

డాక్టరు గోడకి ఆనుకుని నుదురు తుడుచుకున్నాడు. డాక్టరూ బాగా అలిసిపోయినట్టే ఉన్నాడు.

"ఇంతమంది ఉండగా నేను మీ దగ్గరికే ఎందుకొచ్చానో తెలుసా? మీ 'ఇటీవల చేసిన పనులు' చూసి. మీకు పని ఒప్పజెప్పాక, ఆ హోటల్లో గది కావాలని ఫోన్ చేశాను. ఆ నంబరే లేదు. నగల షాపు వీధికి వెళ్ళాను. అక్కడ ఆ షాపూ లేదు. నిజం చెప్పండి, అవన్నీ ఎవరివి?"

"ఎవరివీ కావు. పని చూపిస్తేగానీ పనివ్వరు కదండీ. అందుకని ఊహించి చేసినవి."

"మరి నిజంగా చేసిందీ?"

"మీదే మొదటిది."

థియేటరు తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. "డాక్టర్, రెడీ," అని లోపల్నుంచి నర్సు పిలిచింది.

డాక్టరు మాస్కు పైకి లాక్కుని, వెళ్ళబోతూ అతని భుజం తట్టాడు.

"అయినా ఎంత ప్రాణం పెట్టి చేశారండీ! మొదటిది కదా, నేనూ అలాగే చేస్తాను."