మోకాలి సొట్ట

"సొట్ట ఏది అంకుల్?" వర్షిత కారు ఎర్ర తలుపును అరచేతులతో తడుముతోంది.

"తీసేశానమ్మా. కొత్తదానిలా చెయ్యమన్నావుగా."

"అది హర్ష మోకాలిది! ఈ తలుపు ఏనాడూ ఒక్కసారికి పడేది కాదు. దిగినప్పుడల్లా మోకాలితో గుద్దేవాడు."

ఇటలీలో రేసులాడి, తర్వాత ఇక్కడి కొండదారుల్లో పరుగెత్తి, చివరికి ఈ దీవి దక్షిణ కొసన ఇన్వర్‌కార్గిల్ ఊరి దగ్గర గొర్రెల షెడ్డులో తుప్పు పట్టిన కారు. దాన్ని బయటికి లాగింది ఆమె మొగుడు హర్షవర్ధన్. పని సగంలో ఉండగానే క్యాన్సర్ అతన్ని లాక్కుపోయింది. మిగతాది నేను చేశాను. కారును తీసుకెళ్ళడానికి మ్యూజియం లారీ బయట ఆగి ఉంది.

"తన బట్టలు ఇచ్చేశాను. ఫోన్ పాడై అందులో ఉన్న తన గొంతు కూడా పోయింది. ఇదొక్కటే మిగిలిందనుకున్నా. మళ్ళీ కొట్టండి అంకుల్, ప్లీజ్!"

బడి మానేసిన నాటినుంచి ఊళ్ళోవాళ్ళ కార్ల సొట్టలు తీయడమే నా బతుకు. పెట్టమని అడిగిన మొదటి మనిషి ఈమే. సుత్తి ఎత్తాను. మళ్ళీ దించేశాను.

"నేను కొడితే అది నా సొట్టే అవుతుందమ్మా."

ఆమె తలుపు వేసింది. పడలేదు. రంగు కొత్తదే గానీ గడియ పాతదే. మళ్ళీ వేసింది. మళ్ళీ తెరుచుకుంది.

"చూశారా, అదే మొండితనం!" ఏడుస్తూనే నవ్వి, మోకాలితో ఒక్కటి గుద్దింది.

తలుపు పడింది. పల్చటి రేకు మీద మెరిసే ఎరుపు కాస్త లోపలికి పోయింది.

లోపలికొచ్చిన లారీ డ్రైవరు అది చూసి, సరిచేసి పంపరా అని అడిగాడు.

"అక్కర్లేదు," అన్నాను. "అది కారుతో వచ్చిందే."