రెండో డబ్బా

"నీ కనెక్టర్లన్నీ ఈ పొద్దే పీకేయాల. లైన్ మీద కంపెనీవి తప్ప ఇంకోటి ఉండకూడదు," అన్నాడు ప్రొద్దుటూరు ఆఫీసు ఇంజనీరు నాగేంద్ర.

"పీకను సార్," అంది మసరత్.

జమ్మలమడుగులో నాపరాళ్లకు పాలిష్ పట్టే షెడ్డు ముందు నిలబడి ఉన్నారిద్దరూ. ఇంటర్నెట్ తీగలు కలిపే పని మసరత్‌ది. ఆ తీగల్లో పోయేది వెలుగు. అతుకు దగ్గర కాస్త రాతి దుమ్ము చేరినా చాలు, ఆగిపోతుంది. అందుకే ఊడదీయగానే దానంతటదే మూసుకునే చిన్న రెప్ప పెట్టి, ఆమె సొంతంగా ఒక కనెక్టర్ తయారు చేసింది.

"నువ్వు చదివింది ఐటీఐ. మా కనెక్టర్ చేసినోళ్లు పెద్దపెద్ద ల్యాబుల్లో ఉండారు."

"ఆ ల్యాబుల్లో ఈ దుమ్ము యాడుంటాది సార్? రెండూ ఈడనే పెట్టి చూద్దాం. నాది ఓడిపోతే ఉద్యోగం ఇడిసిపెట్టి పోతా."

షెడ్డు యజమాని గౌస్ మొహిద్దీన్ రెండు కనెక్టర్లనూ లోపలికి తీసుకుపోయాడు. పాలిష్ మిషన్ పక్కన ఒక్కోదాన్ని ఇరవైసార్లు ఊడదీసి తగిలించాడు. చెరొక డబ్బాలో పెట్టి, తీగ కొసలు మాత్రం బయటికి వదిలి, మూతలకు టేపు వేసి, వాటి మీద ఒకటి, రెండు అని రాసి తెచ్చాడు.

"ఏది ఎవరిదో నేను చెప్పనప్పా. ముందు మీటర్ చెప్పనీ."

నాగేంద్ర తీగ కొసలకు వెలుగును కొలిచే మీటర్ తగిలించాడు. ఒకటో డబ్బాలోంచి వెలుగు దాదాపు తగ్గకుండా వచ్చింది. రెండో దాంట్లోంచి పావువంతు కూడా రాలేదు.

నాగేంద్ర పకపకా నవ్వాడు. "చూసినావా? ఒకటోది కంపెనీది. రెండోది నీ చెత్త."

మసరత్ రెండో డబ్బా వైపు చూసింది. ఏ డబ్బాలో ఏముందో ఆమెకూ తెలియదు. అయినా తల దించలేదు.

"నోటితో అంటే ఎట్ల సార్? కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

"దానికేముంది!" తన కారు బానెట్ మీదే కాగితం పెట్టి రాశాడు నాగేంద్ర. 'రెండో డబ్బాలోని కనెక్టర్ పనికిరాదు. జిల్లాలో ఎక్కడున్నా వెంటనే తొలగించాలి.' సంతకం పెట్టి, ఫొటో తీసి అప్పటికప్పుడే పైఆఫీసుకు పంపాడు. "ఇంక తెరువు మామా," అన్నాడు హుషారుగా.

గౌస్ మొహిద్దీన్ రెండో డబ్బా మూత తీశాడు. కనెక్టర్‌ను బయటికి తీసి, పైనున్న తెల్లటి దుమ్మును ఉఫ్‌మని ఊదాడు.

కంపెనీ ముద్ర కనిపించింది.