ఒక్క నల్లగోళీ

“నీ కాళ్ళు పట్టుకుంటా హార్లన్, ఈ ఒక్కసారికి పంతం మానెయ్‌రా,” అన్నాడు సంఘాధ్యక్షుడు గస్.

హార్లన్ తలుపు వైపు చూశాడు. తలుపు అవతల మెట్ల మీద ఫ్లాయిడ్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు హార్లన్‌కు నిశ్చయమైన పిల్లను లేవదీసుకుపోయిన ఘనుడు! ఇప్పుడు భార్య పోయి, సొంతూరు చేరి, సోదర సంఘంలో చేర్చుకోమంటున్నాడు.

“ఇంకెవడూ దొరకలేదా నీకు?”

“దొరికితే వాణ్ణి పిలుస్తానా? ఉన్నది ముగ్గురం. నాలుగోవాడు లేకపోతే పై సంఘం వాళ్ళొచ్చి ఈ హాలుకి తాళం వేస్తారు. ఆనక కూలగొట్టి కార్లు నిలుపుకుంటారు.”

హార్లన్ తలెత్తి చూశాడు. ఊరు తగలబడ్డ ఏడాది, కాలిన ఇళ్ళ ఇటుకలు ఏరి తాతలు కట్టిన మూడంతస్తుల హాలు అది. కింద కొట్లు, పైన సమావేశాల గది. లోపలి గుట్టు వీధిన పడకూడదని కిటికీలు మనిషి తలకంటే ఎత్తున పెట్టారు. పూలు అచ్చొత్తిన రేకు కప్పు మాత్రం ఎవరికోసమో తెలియదు కానీ మహా అందంగా ఉంటుంది. ఆ కప్పు లేని ఊరిని హార్లన్ ఊహించుకోలేడు.

మూడో సభ్యురాలు అతని చెల్లెలు ఓపల్. ఆవిడ అన్న కోటు కాలరు సరిచేసింది.

ఓటు పెట్టె చేతులు మారింది. తెల్లగోళీ అంటే సమ్మతి. ఒక్క నల్లగోళీ పడినా మనిషిని చేర్చుకోరు. ఎవరు ఏది వేశారో కనబడదు, అడగనూ కూడదు.

గస్ పెట్టె సొరుగు లాగాడు. రెండు తెల్లవి, ఒకటి నల్లది.

“అనుకున్నా! తాతలు కట్టినదాన్ని నీ పంతానికి బలిపెట్టావు కదరా!”

ఓపల్ తల వంచుకుంది. హార్లన్ ఆ గోళీని కాసేపు చూశాడు.

“చెయ్యి పొరబడింది గస్. చూపు ఆనట్లేదు. మళ్ళీ పెట్టు,” అన్నాడు. తర్వాత కొంచెం గట్టిగా, “ఆ పిల్ల సంగతి నేనెప్పుడో మరిచిపోయా. నిజం. వాడి మీద నాకు ఏ కోపమూ లేదు,” అన్నాడు.

పెట్టె మళ్ళీ తిరిగింది. ఈసారి మూడూ తెల్లవే.

గస్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. పరుగున వెళ్ళి తలుపు తీసి, “రారా, దొంగసచ్చినోడా!” అంటూ ఫ్లాయిడ్‌ను కౌగిలించుకున్నాడు. ఫ్లాయిడ్ కళ్ళు తుడుచుకుంటూ హార్లన్ చేతులు పట్టుకున్నాడు. హాలు నిలిచింది. కాఫీ కాచుకుని, ఆపిల్ ముక్కలు కూరిన తీపి రొట్టె కోసుకుని, నలుగురూ చాలాసేపు నవ్వుకున్నారు.

ఇంటికి బయలుదేరి మెట్లు దిగుతుంటే ఓపల్ అన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నల్లది వేసింది నేనైతే, నింద నువ్వెందుకు మోశావన్నయ్యా?”