వంతెనకు తూర్పున

“అటు కాదురా బాబూ, ఇటు! వంతెనకి తూర్పున చూడు!” వెండెల్ స్ట్రాకా గొంతు చించుకుని అరిచాడు.

స్కానర్ పట్టించుకోలేదు. దానికి నోరుంది గానీ చెవులు లేవు. హైవే పోలీసులు తమలో తాము మాట్లాడుకునేదంతా తెచ్చి వినిపిస్తుంది. మనం చెప్పేది మాత్రం ఒక్క ముక్క కూడా వాళ్లకి చేరవెయ్యదు.

పాతికేళ్లుగా అతనికి ఇదే పిచ్చి. ధాన్యం గోదాములో పని మానేశాక మరీ ముదిరింది. కొందరు చేపలు పడతారు, కొందరు పేకాడతారు, వెండెల్ పోలీసుల మాటలు వింటాడు. ముఖాలు ఎరగకపోయినా వాళ్లంతా అతనికి చుట్టాలే. కంట్రోల్ రూములో ఉండే డార్లాకి జలుబు చేస్తే ఈయన బెంగపడతాడు. పదిహేడో నంబరు కారులో తిరిగే పోలీసు పొద్దుతిరుగుడు గింజలు నములుతూ మాట్లాడితే, “ముందు నోట్లోది మింగి ఏడు” అని కసురుతాడు.

భార్య ఆర్డిత్‌కి ఇదంతా ఒళ్లుమంట. నిన్న రెండో స్కానర్ కూడా కొనుక్కొచ్చేసరికి, ఈ పొద్దున పెద్ద రభసే అయింది.

“ఒక సవతి చాల్లేదా? రెండోదాన్ని కూడా తెచ్చి నా నెత్తిన కూచోబెట్టావా?”

“నీకంటే అదే నయం. నోరు ముయ్యమంటే మూస్తుంది.”

“అయితే వెళ్లి దాన్నే వండి పెట్టమను!”

వెండెల్ విసురుగా లేచి, గది తలుపు ధడాలున లాగేసి వచ్చేశాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది. “ఆర్డిత్!” అని పిలిచాడు. పలకలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచాడు. గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఫోను చేతికి అందేచోట లేదు. లేచి తెచ్చుకుందామంటే ఎడమకాలు మాట వినడం లేదు. మోకాలి కింద అసలుందో లేదో కూడా తెలియడం లేదు. హీటరు ఎప్పుడో ఆగిపోయింది. కిటికీ అద్దాన్ని మంచు కప్పేసింది. ఒళ్లో కొత్త స్కానర్ ఒక్కటే వెచ్చగా ఉంది.

“కంట్రోల్, పదిహేడు మాట్లాడుతున్నా. ఆ లారీ డ్రైవరు నిజంగానే చూశాడంటావా?”

“చూశానని ఒట్టేస్తున్నాడు” అంది డార్లా. “వాగు వంతెన దగ్గర ఎర్ర లైట్లు రోడ్డు దిగి కిందకి పోయాయన్నాడు. వంతెనకి అవతలో ఇవతలో చెప్పలేకపోయాడు. వెతుకు నాయనా.”

“వెతకడానికి నా చెయ్యే నాకు కనబట్టం లేదమ్మా తల్లీ. పడమటి పక్కంతా చూసేశా. చక్రాల జాడ ఉన్నా ఈ గాలికి ఎప్పుడో పూడిపోయుంటుంది.”

“సరే, చీకటి పడేదాకా చూడు. ఆ తర్వాత గేట్లు వేసెయ్యాలి.”

గేట్లు అనగానే వెండెల్ “వద్దు, వద్దు!” అని అరిచాడు. మంచు తుఫాను రోజున చీకటి పడిందంటే హైవేకి రెండు కొసలా ఇనుప గేట్లు మూసేస్తారు. మూశాక తెల్లారేదాకా ఆ దారిన పురుగు కూడా తిరగదు. ఈ చలిలో అంతసేపు ఏ మనిషి మాత్రం ఉంటాడు?

వాగులోకి జారిన ఆ బండిలో మనిషి ఉన్నాడు. బతికే ఉన్నాడు. ఆ సంగతి వెండెల్‌కి ఖాయంగా తెలుసు. వంతెనకి తూర్పున, మలుపు దాటాక, తుప్పల కింద. ఆ రోడ్డు మీద గతుకు గతుకూ అతనికి తెలుసు. తెలిసి ఏం లాభం? కాళ్లూ చేతులూ కట్టేసి చెవులొక్కటీ వదిలేసినట్టుంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ డబ్బా అంటే అసహ్యం వేసింది.

“కంట్రోల్! నంబరు ప్లేటొకటి దొరికింది!” పదిహేడు గొంతులో హుషారు వచ్చింది. “మంచు తోసే బండి ఈడ్చుకొచ్చి ఇక్కడ పడేసినట్టుంది. ఎక్కడ ఊడిందో, ఎప్పుడు ఊడిందో దేవుడికెరుక. నంబరు రాసుకో.”

వెండెల్ కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. “నా తండ్రే! నీ కడుపు చల్లగా!” అన్నాడు పైకే. ఇక జన్మలో ఆ కుర్రాణ్ణి కసరకూడదనుకున్నాడు.

“మన చుట్టుపక్కల బండే” అంది డార్లా కాసేపటికి. “ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటా, ఉండు. మనిషి ఇంట్లో లేడన్నారంటే గేట్లూ లేవు గీట్లూ లేవు, ఉన్నవాళ్లందర్నీ దింపుదాం. ఇంట్లోనే ఉన్నాడంటే మాత్రం ఆ లారీవాడు కల గన్నట్టే.”

ఒక్క మాట చాలు, అనుకున్నాడు వెండెల్. బయటికెళ్లాడమ్మా, ఇంకా రాలేదు అని ఒక్క మాట. అప్పుడు తూర్పూ పడమరా ఏమీ ఉండవు, వాగంతా జల్లెడ పట్టేస్తారు. స్కానర్‌ని చెవికి ఆనించుకున్నాడు. గరగర తప్ప ఏమీ లేదు. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే ఆ చప్పుడులో మాట ఎక్కడ తప్పిపోతుందోనని దవడ బిగపట్టుకున్నాడు.

చివరికి డార్లా గొంతు వచ్చింది. నవ్వుతోంది.

“గేట్లు వేసేసి వచ్చెయ్ నాయనా, ఆ ప్లేటు వెండెల్ స్ట్రాకా అనే పెద్దాయన బండిదట, వాళ్లావిణ్ణి అడిగితే ‘ఆయనెక్కడికి పోతాడమ్మా, పొద్దున్నించీ అలిగి గదిలో తలుపేసుక్కూచున్నాడు, ఇదుగో, మీ మాటలే లోపల మోగిపోతున్నాయి’ అంది.”